పోసింటాది లే

మా పీజీ గదిలో నా అల్మారా తలుపుకి లోపలివైపు ఒక తెలుగు క్యాలెండర్ వేలాడుతుంటుంది. తిథులు, వర్జ్యాలు చూసుకునే అలవాటు నాకు లేదు. అమ్మ ఇచ్చి పంపింది కాబట్టి తగిలించాను. దాని మీద డ్యూటీలు రాసుకుంటాను. ‘మా’ అంటే మార్నింగ్, ‘ఈ’ అంటే ఈవెనింగ్, ‘నై’ అంటే నైట్. పోయిన ఏడాది ఆగస్టులో ఉద్యోగంలో చేరాక ఇంకో గుర్తు కావాల్సి వచ్చింది. ఒంట్లో బాగాలేని రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. డిసెంబర్ అయిపోయి క్యాలెండర్ మార్చేటప్పుడు కూర్చుని లెక్కపెట్టాను. అయిదు నెలల్లో 31 సున్నాలు. అందులో సెలవు పెట్టిన రోజులు 4. మిగతా 27 రోజులూ డోలో వేసుకుని డ్యూటీకి పోయినవే.

ఆ 27 గురించి అప్పట్లో నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఫిబ్రవరిలో ఇంకో రెండు రోజులు కలిశాక అది పోయింది.

నాది మదనపల్లె. బెంగళూరులోనే బీఎస్సీ నర్సింగ్ చదివి, ఇక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పిల్లల వార్డులో చేరాను. చదువుకునేటప్పుడూ పోస్టింగులకి ఆస్పత్రులకే పోయినావు కదా, అప్పుడు రాని రోగాలు ఇప్పుడెందుకు వస్తున్నాయి అని మా అన్న అడిగాడు. అప్పుడు స్టూడెంట్లం. పదిమంది ఒక మంచం చుట్టూ నిలబడి కేస్ షీట్ రాసుకుని వచ్చేసేవాళ్లం. ఇప్పుడు ఏడుగురు పిల్లలు నా ఒక్కదాని మీద.

పెద్దవాళ్లు దగ్గేటప్పుడు చెయ్యైనా అడ్డం పెట్టుకుంటారు. రెండేళ్ల పిల్లకి ఆ మర్యాద తెలియదు. చేతికి ఐవీ (సెలైన్ ఎక్కించే సూది) పెట్టాలంటే ఒకరు పిల్లని ఒళ్లో కదలకుండా పట్టుకోవాలి, ఆ పట్టుకునే పని కొత్తవాళ్లది. మన ముఖానికీ దాని ముఖానికీ మధ్య జానెడు దూరం. అది ఏడుస్తుంది, ఏడుస్తూ దగ్గుతుంది, దగ్గి దగ్గి మన భుజం మీద కక్కుతుంది. మన మాస్కు దానికి ఆటవస్తువు, ఒక్క గుంజు గుంజుతుంది. వానాకాలంలో బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్నగొట్టాల వాపు) పిల్లలు వరసపెట్టి చేరుతుంటే నేను చేరిన పదో రోజుకే ముక్కు కారడం మొదలైంది. అక్కడి నుంచి నా సున్నాలు.

సెప్టెంబర్లో విరేచనాలు. అది పూర్తిగా నా స్వయంకృతం. వాంతులు, విరేచనాలతో వచ్చిన ఏడాదిన్నర పాప డైపర్ తూకం వేసి చార్టులో రాసి, గ్లౌజులు తీసేసి, గోడకున్న శానిటైజర్ ఒక్కసారి నొక్కి, నేరుగా పోయి టిఫిన్ బాక్స్ తెరిచాను. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ లాంటి వాటి మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బు పెట్టి నీళ్లతో కడగాలి, అదీ 40 నుంచి 60 సెకన్లు. పరీక్షలో ఈ ప్రశ్నకి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. నిమ్మకాయ పులిహోర వాసన వస్తుంటే గుర్తురాలేదు.

అక్టోబర్లో కళ్లకలక. ఒక్క దీనికి మాత్రం మా ఆస్పత్రిలో ఎవరూ డ్యూటీకి రమ్మనరు. మూడు రోజులు గదిలోనే ఉండమన్నారు, ఎవరూ మొహం చిట్లించలేదు. ఎందుకంటే ఎర్రటి కళ్లు అందరికీ కనబడతాయి, పేషెంట్ల వాళ్లు చూసి గొడవ చేస్తారు. జ్వరం అట్లా కనబడదు. నవంబర్లో నాకు 102 జ్వరం వచ్చింది. బెంగళూరులో నవంబర్ జ్వరం అంటే ముందు డెంగీ భయం కాబట్టి టెస్టు చేయించారు. నెగటివ్ వచ్చింది. ‘నెగటివ్ కదా, రేపు ఈవెనింగ్‌కి రాగలవా?’ అని ఫోన్. రాగలనని చెప్పాను. డెంగీ లేకపోతే జ్వరం లేనట్టే అన్న లెక్కలో మాట్లాడుకున్నాం ఇద్దరం.

డిసెంబర్లో దగ్గు పట్టుకుంది. దీని గురించి చెప్పాలంటే మా అవ్వ గురించి చెప్పాలి. నేను నర్సింగ్‌లో చేరతానన్నప్పుడు ఇంట్లో వద్దన్నది అవ్వ ఒక్కతే. మా ఊరి పక్కన ఆరోగ్యవరం ఉంది. ఒకప్పుడు ఎక్కడెక్కడి నుంచో క్షయరోగులు వచ్చి నెలల తరబడి ఉండిపోయిన శానిటోరియం అది. మంచి గాలి ఉన్న చోటని అక్కడ కట్టారు. చిన్నప్పుడు ఆ దారిన పోయేటప్పుడు పైట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా నడిచేవాళ్లమని అవ్వ చెప్తుంది. ఆవిడ దృష్టిలో నర్సు అంటే ఆ గేటు లోపలికి పోయేది. ఫోన్‌లో నా దగ్గు విని, ‘ఎన్ని దినాల్నించి పాపా ఆ దగ్గు?’ అంది. ‘రెండు దినాలే అవ్వా’ అన్నాను. ఆ రోజుకి పంతొమ్మిది. రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష చేయించుకోవాలని మా ఓపీ గోడ మీద పోస్టర్ ఉంది, దాన్ని చూపించి తల్లులకి చెప్పేది నేనే. నాకు నేను చెప్పుకోవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు, కఫంలోనూ ఏమీ లేదు. కానీ రిపోర్టు వచ్చేదాకా రెండు రాత్రులు ఆ గేటూ, అవ్వ పైట చెంగూ కళ్ల ముందు నుంచి పోలేదు.

మా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ది కేరళలోని కోట్టయం. ఇరవై ఏళ్ల సర్వీసు. ఆమె నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట: ‘ఫస్ట్ ఇయర్ అట్లే మోళే (బిడ్డా). సెకండ్ ఇయర్‌లో నీకు ఏమీ రాదు.’ ఈ మాట కొత్తగా చేరిన ప్రతి నర్సూ వినే ఉంటుంది. ఇందులో సగం నిజం ఉంది. జలుబు తెప్పించే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి. వార్డులో తిరిగేవి ఒక్కొక్కటీ తగిలిన కొద్దీ ఒళ్లు వాటిని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. సీనియర్లు నాకన్నా తక్కువసార్లు తుమ్మడం నేనే చూశాను. కానీ మిగతా సగం ప్రమాదం. క్షయకీ, కామెర్లకీ మన సర్వీసు ఎన్నేళ్లో తెలియదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు కాలేజీలోనే వేశారు, అది పనిచేసిందో లేదో చేరేటప్పుడు రక్తం తీసి మరీ చూశారు. అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసిందా లేదా అని మాత్రం చేరేటప్పుడు ఎవరూ అడగలేదు. నాకూ అడగాలని తోచలేదు.

అన్నట్టు, కాలేజీలో దీపాలు పట్టుకుని ప్రమాణం చేయించారు కదా, ఆ రోజు ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి గంటసేపు ఉపన్యాసం. క్రిమియా యుద్ధానికి పోయిన ఆమెకే 1855లో జ్వరం తగిలి చావు దాకా పోయిందనీ, ఇంటికి తిరిగొచ్చాక ఏళ్ల తరబడి మంచం మీది నుంచే పని చేసిందనీ ఆ గంటలో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే మేం ఆ దీపాలు ఇంకాస్త ఇష్టంగా పట్టుకునేవాళ్లం.

నా రూమ్మేట్ మలయాళీ, పెద్దల ఐసీయూలో చేస్తుంది. వాళ్ల ఊరు కోళిక్కోడ్ దగ్గర. 2018లో నిపా వచ్చినప్పుడు పేరాంబ్ర ఆస్పత్రిలో రోగికి సేవ చేసి, తనకీ అంటుకుని చనిపోయిన నర్సు లిని గుర్తుండే ఉంటుంది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. చివరి గంటల్లో భర్తకి చీటీ రాసింది. నిపా అన్న మాట టీవీలో వినబడితే చాలు, నా రూమ్మేట్ వాళ్లమ్మ అర్ధరాత్రైనా ఫోన్ చేస్తుంది. ఈ అమ్మాయి నాలాగా కాదు. డ్యూటీ నుంచి రాగానే చెప్పులు బయట, యూనిఫామ్ విడి బకెట్‌లో, స్నానం, ఆ తర్వాతే ఫోన్ ముట్టుకోవడం. మొదట్లో నవ్వుకునేదాన్ని, తర్వాత నేనూ మొదలుపెట్టాను. నిజంగా పనికొచ్చింది అదొకటి. ఇంకొకటి ఫోన్. వార్డులో జేబులో పెట్టుకుని తిరిగి, గ్లౌజు చేత్తో ఒకసారి, మామూలు చేత్తో ఒకసారి తీసి, అన్నం తినేటప్పుడు పక్కన పెట్టుకుంటాం. చేతులు ఎన్నిసార్లు కడిగినా ఏం లాభం? ఇప్పుడు లాకర్లోనే వదిలేస్తాను. వాచీ, మెళ్లో వేలాడే ఐడీ కార్డు తాడు, అందరూ అడిగి తీసుకునే ఆ ఒక్క పెన్ను కూడా ఫోన్ లాంటివే.

ఇండక్షన్ క్లాసులో ఒక సంగతి చెప్పారు. ఆస్ట్రేలియాలో మెడిసిన్ విద్యార్థులను వీడియో తీసి చూస్తే సగటున గంటకి 23 సార్లు ముఖం ముట్టుకున్నారట. నేను నమ్మలేదు. ఒక రోజు బ్రేక్ రూమ్‌లో ఊరికే మా వాళ్లను చూస్తూ కూర్చున్నాను. ఒకామె టీ తాగి లేచేలోపే ఏడుసార్లు. అసలు మా జబ్బులు సగం ఆ బ్రేక్ రూమ్‌లోనే పంచుకున్నామని ఇప్పుడు నా అనుమానం. వార్డులో మాస్కులు బిగించుకుని తిరిగి, కిటికీ లేని గదిలో ఆరుగురం మోకాళ్లు తగిలేలా కూర్చుని, మాస్కులు తీసేసి, ఒకరి బాక్సులోది ఒకరం తింటాం. తినకపోతే ఏమనుకుంటారో అని ఒకటి.

నిద్ర సంగతి వేరే చెప్పాలా? నైట్లు వరసగా ఆరు. పొద్దున ఎనిమిదికి హ్యాండోవర్ ఇచ్చి, బస్సు పట్టుకుని (ఆధార్‌లో ఇంకా మదనపల్లె అడ్రసే ఉంది కాబట్టి ఆడవాళ్ల ఉచిత ప్రయాణం నాకు లేదు, టికెట్ కొనాల్సిందే) పీజీకి వచ్చి పడుకుంటే, పన్నెండుకి పక్క గదిలో మిక్సీ. 2009లో అమెరికాలో 153 మందికి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారట. ఏడు గంటలకన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకి జలుబు పట్టే అవకాశం ఎనిమిది గంటలు, ఆపైన పడుకునేవాళ్లకన్నా దాదాపు మూడింతలు. నా నైట్ డ్యూటీ వారాలనీ ఎర్ర సున్నాలనీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆ లెక్క నా క్యాలెండర్లోనే కనబడింది. చెవుల్లో పెట్టుకునే దూది బిళ్లలు, కిటికీకి నల్ల దుప్పటి, ఈ రెండూ నాకు విటమిన్ మాత్రలకన్నా ఎక్కువ పనిచేశాయి.

ఇక జనవరి. సంక్రాంతి అయిన వారానికి 11వ బెడ్డులో జ్వరంతో ఒక పాపని చేర్చారు. రెండో రోజు పొద్దున పొట్ట మీద నీటి పొక్కులు. వెంటనే ఐసొలేషన్‌కి మార్చారు. మా వార్డులో కడుపుతో ఉన్న ఒక సిస్టర్‌ని ఆ గంటలోనే వేరే ఫ్లోర్‌కి పంపారు. మధ్యాహ్నానికి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఒక ఫారం తెచ్చింది. పేరు, డ్యూటీ తేదీలు, చివర్లో ఒక ప్రశ్న: గతంలో చికెన్‌పాక్స్ వచ్చిందా? రెండే గడులు. అవును, కాదు.

నేను అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ చింతపండు గింజలు తీస్తూ ఉంది.

‘మా, నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసిందా?’

‘పోసింటాది లే. అందరికీ పోస్తాది కదా.’

అంతే. నేను ‘అవును’ దగ్గర టిక్కు పెట్టాను.

ఇక్కడ నిజం రాయాలి. ‘కాదు’ అని పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. రోగిని ముట్టుకున్న ఎనిమిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా డ్యూటీకి రానివ్వరు, ఎందుకంటే ఆ రోజుల్లోనే అది బయటపడొచ్చు, బయటపడకముందే ఇంకొకరికి అంటొచ్చు. అంటే 14 రోజులు. నా లీవులు అప్పటికే అయిపోయాయి. ప్రొబేషన్‌లో ఉన్నాను. అప్పటికే ‘ఈ పిల్లకి ఎప్పుడూ ఏదో ఒకటి’ అని హ్యాండోవర్‌లో నవ్వుకోవడం నా చెవిన పడింది. అమ్మ ‘పోసింది’ అనలేదు, ‘పోసింటాది’ అంది. ఆ రెండింటికీ తేడా తెలియనంత తెలుగు రానిదాన్ని కాను. రెండోసారి అడగలేదు, అంతే.

ఫిబ్రవరి 3, ఈవెనింగ్ డ్యూటీ. ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు. డోలో వేసుకుని పోయాను. 4న కూడా అంతే. రోస్టర్లో ఇద్దరు తక్కువ, నేను కూడా రానంటే ఇన్‌ఛార్జ్ సిస్టరే నిలబడాలి. 5న పొద్దున స్నానం చేస్తుంటే బొడ్డు పక్కన ఒక పొక్కు. నీటిచుక్క లాగా మెరుస్తోంది. పుస్తకంలో వర్ణన ‘గులాబీ రేకు మీద మంచు బిందువు’ అని ఉంటుంది. బాత్రూమ్ బల్బు కింద అట్లా ఏమీ అనిపించలేదు. బకెట్ మీద కూర్చుండిపోయాను.

పదకొండింటికి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ మేడమ్ ఫోన్. తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ‘ఒళ్లు నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?’ అని అడిగింది. 3 సాయంత్రం అన్నాను. ‘పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది, తెలుసు కదా. 3, 4 తేదీల్లో నువ్వు చూసిన పిల్లల పేర్లు చెప్పు.’

బెడ్డు నంబర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాను. ఆరు దగ్గర గొంతు ఆగిపోయింది.

ఆరో బెడ్డులో ముళబాగిలు నుంచి వచ్చిన అయిదేళ్ల బాబు. నెఫ్రోటిక్ సిండ్రోమ్. మూత్రంలో ప్రోటీన్ పోతుంది, ఒళ్లు ఉబ్బుతుంది, దానికి రోజూ స్టెరాయిడ్. స్టెరాయిడ్ మీద ఉన్న పిల్లలకి అమ్మవారు పోస్తే మామూలు పిల్లల్లా వారంలో తేలిపోదు, ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. వాళ్లది తెలుగిల్లు. వార్డులో తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ తల్లి నన్ను వదిలేది కాదు, నేనూ అంతే. ఆ బాబుకి రోజూ సాయంత్రం ఎడమ చేతికి పెన్నుతో వాచీ గీయాలి. ముల్లులు ఎక్కడ పెట్టాలో వాడే చెప్తాడు. 4వ తేదీ సాయంత్రం ఆ బుజ్జి చెయ్యి నా చేతిలో పెట్టుకుని, వాడి ముఖం దగ్గర ముఖం పెట్టి, రెండు వాచీలు గీశాను. రెండోది వాళ్లమ్మ టైము అట.

మేడమ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘సరే, డాక్టర్‌తో మాట్లాడతాను, నువ్వు రెస్ట్ తీసుకో’ అని పెట్టేసింది.

పీజీలో ఆంటీ (నెల్లూరు వాళ్లు, మంచావిడే) తలుపు బయటి నుంచే మాట్లాడింది. మిగతా పిల్లలు భయపడుతున్నారు, ఇంటికి పోతే నయం అంది. తప్పు పట్టలేను. నా మలయాళీ రూమ్మేట్‌కి చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి ఆమే అన్నం లోపలికి తెచ్చింది. కానీ ఎట్లా పోను? ఒంటి మీద పొక్కులతో నిండు బస్సెక్కి చింతామణి, హొసకోటె మీదుగా మూడు గంటలు? నాయనకి చెప్తే ఒక గంట టైమ్ ఇమ్మన్నాడు. మా ఊరి టమాటా తెచ్చి ఇక్కడ దించి ఖాళీగా తిరిగిపోయే వ్యాన్ ఒకటి మాట్లాడి, అందులోనే వచ్చాడు. ముందు సీట్లో కూర్చోవడానికి నేను వెనకాడుతుంటే నాయన అన్నాడు: ‘డ్రైవర్‌కి ఏడో తరగతిలో పోసిందంట. మచ్చలు కూడా చూపించినాడు. అడిగే పిల్చుకొచ్చినా.’

పదో తరగతి తప్పిన మా నాయన, నేను నింపాల్సిన ఫారం నాకన్నా బాగా నింపాడు.

ఇంటికి చేరేసరికి వాకిట్లో హడావుడి. వదిన ఆరు నెలల పాపని ఎత్తుకుని పుట్టింటికి బయలుదేరుతోంది. నేను ఆటోకి దూరంగా గోడ పక్కన నిలబడ్డాను. అమ్మ పాప బట్టల సంచి ఆటోలో పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

‘అయ్యో పాపా... మీ అన్నకి పోసినప్పుడు నిన్ను కూడా ఇట్లే కదా, కురబలకోటకి అవ్వ దగ్గరికి పంపిస్తిమి!’

ఇరవై ఏళ్ల కిందట నాకు అంటకూడదని పంపించారు. అంటలేదు. అదే చిక్కైంది. మన దేశంలో సర్కారు ఉచితంగా వేసే టీకాల్లో చికెన్‌పాక్స్‌ది లేదు, ప్రైవేటులో డబ్బులు పెట్టి వేయించుకోవాల్సిందే. మా ఇంట్లో ఆ ఊసే లేదు. చిన్నప్పుడు తప్పించుకున్నవాళ్లకి పెద్దయ్యాక గట్టిగా వస్తుంది. నాకు నెత్తిలో, నోట్లో, కనురెప్పల లోపల కూడా వచ్చాయి. డాక్టర్ రాసిచ్చిన అసైక్లోవిర్ రోజుకి అయిదుసార్లు మింగేదాన్ని. అవ్వ వేపమండలు పరిచిన చాప మీద పడుకోబెట్టింది. ఇంట్లో తాలింపు బంద్, చెప్పులు గడప దాటకూడదు. మాత్రలకీ మండలకీ మధ్య గొడవేమీ రాలేదు. అవ్వే గడియారం చూసి ‘నీ తెల్లబిళ్ల టైమైంది’ అని లేపేది. గోకకుండా వేపరెమ్మతో రాసుకుంటే నిజంగానే హాయిగా ఉంటుంది, ఇది నేను నర్సుగా కాదు, గోక్కోవాలని ఏడ్చినదానిగా చెప్తున్నా. అవ్వ లెక్క వేరే ఉంది. ‘ఇరవై ఏండ్లు కాచుకోనుండి వచ్చిందే తల్లి, నిన్ను చూడకుండా పోదు’ అంది.

రాత్రుళ్లు నిద్రపట్టకపోతే ఆరో బెడ్డు. రూమ్మేట్ ద్వారా వార్డులో కనుక్కునేదాన్ని. బాబుకి ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) ఇంజెక్షన్ ఇచ్చారని, స్టెరాయిడ్ డోసు గురించి మాట్లాడుకుంటున్నారని తెలిసింది. ఆ ఇంజెక్షన్ వేలల్లో ఉంటుంది. అది ఎవరి బిల్లులో పడిందో నేను ఈ రోజుకీ అడగలేదు. అడగాల్సింది.

పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టాక, మూడోసారి వేపాకు నీళ్లు పోసుకుని తిరిగి డ్యూటీలో చేరాను. 14 రోజులు, రోజుకి 650 లెక్కన 9,100 రూపాయలు జీతంలో కోత. ‘కాదు’ అని టిక్కు పెడితే పోతాయని నేను భయపడినవీ సరిగ్గా పద్నాలుగు రోజులే. ఈ లెక్క అర్థమైనప్పుడు నవ్వొచ్చింది, నవ్వితే పెదవి పగిలింది.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి నాలాంటి కొత్తవాళ్ల కోసం ఒకటి చెప్పాలి. నెలకి 21,000 లోపు జీతమైతే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటుంది, మన జీతంలో 0.75 శాతం దానికే పోతుంది. జబ్బు చేస్తే 70 శాతం వేతనం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. కానీ కొత్తగా చేరినవాళ్లకి ఆ నగదు మొదలయ్యేది తొమ్మిది నెలల తర్వాతే. అంటే సరిగ్గా మనం ఎక్కువ జబ్బు పడే నెలల్లో అది లేదు. హెచ్‌ఆర్‌లో నాకు ఇంతవరకే చెప్పారు. చెప్పనిది ఏప్రిల్‌లో వేరే ఆస్పత్రిలో చేసే ఒక సీనియర్ చెప్పింది. ఈఎస్ఐ నియమాలున్న చట్టం మూడో షెడ్యూలులో వృత్తి వ్యాధుల జాబితా ఉంది, అందులో మొట్టమొదటిదే ఆస్పత్రి, ల్యాబ్ పనుల్లో తగిలే అంటువ్యాధులు. అట్లా ఒప్పుకుంటే అది పనిలో తగిలిన గాయం కిందికి వస్తుంది, వేతనంలో 90 శాతం, దానికి తొమ్మిది నెలలు ఆగక్కర్లేదు. 11వ బెడ్డు పాప కేస్ షీట్, నా డ్యూటీ రోస్టర్, నా చేత్తో నింపిన ఫారం, అన్నీ సాక్ష్యాలే. అయితే ఆ ఫారంలో నేనే ‘అవును’ అని పెట్టి ఉన్నాను. దాన్ని ఎవరికి చూపించను?

మార్చి రెండో వారంలో ఓపీలో నాకు డ్యూటీ వేశారు. వరసలో ముళబాగిలు అక్క కనబడింది. బాబు ముఖం వాపు తగ్గి, ఎవరి పిల్లవాడో అన్నట్టున్నాడు. నన్ను చూడగానే చొక్కా చెయ్యి పైకి లాగాడు, వాచీ కోసం. వాడి ఒంటి మీద ఒక్క పొక్కు మచ్చ కూడా లేదు. నేను ముందు చూసింది అదే.

‘ఎవురో నర్సుకి అమ్మవారు పోసిందంట కదా సిస్టరూ, వీడికి సూది ఏసిరి’ అంది అక్క. ‘నెలదాకా నాకు నిద్ర లేదు. దినానికి నాలుగుసార్లు చొక్కా ఎత్తి చూసేది. ఒళ్లు బాగలేకుంటే ఇంట్లో ఉండొచ్చు కదా, పిల్లోళ్ల దగ్గరికి ఎందుకు రావాల?’

బీపీ చూసే పట్టీ నా చేతిలో ఉంది. చుట్టడం ఆపేశాను.

‘అది నేనే అక్కా.’

ఆమె నా మాస్కు పైన నుదుటి మీది గుంటల్ని చూసింది. చాలాసేపు చూసింది. నేను తిట్ల కోసం ఎదురుచూశాను.

‘నీకెవురు చేసినారు మరి?’ అంది. ‘ఊరికి పోతివా, మీ అమ్మ దగ్గరికి?’

పోయానని తలూపాను. ఇంకేమీ అడగలేదు. పోయేటప్పుడు మాత్రం ఎప్పటిలా ‘వస్తా సిస్టరూ’ అనలేదు. అది కూడా గుర్తుంది.

ఈ ఏడాది క్యాలెండర్లో ఆగస్టు మొదటికి నా సున్నాలు 22. వాటిలో 16 ఫిబ్రవరివి. ఇన్‌ఛార్జ్ సిస్టర్ జోస్యం నిజమవుతోందేమో. జ్వరం వస్తే ఇప్పుడు ఫోన్ చేసి రానని చెప్తున్నాను. అటు నుంచి నిట్టూర్పు వినబడుతుంది, విని పెట్టేస్తాను. ప్రతిసారీ కడుపులో తిప్పినట్టే ఉంటుంది, అదేం అలవాటు కాలేదు.

పోయిన వారం కొత్త బ్యాచ్ చేరింది. చేరిన రోజే నింపే ఫారం ఒకటి కొత్తగా పెట్టారు, ఆ ప్రశ్న దగ్గర ఇప్పుడు మూడు గడులు. అవును, కాదు, తెలియదు. ‘తెలియదు’ అని పెడితే రక్తం తీసి యాంటీబాడీలు చూస్తారు, లేకపోతే టీకా, నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ఫారాలు పంచే పని నాకు అప్పజెప్పారు. కావాలనే అప్పజెప్పి ఉంటారు.

రాయచోటి నుంచి వచ్చిన ఒక పిల్ల పెన్ను పట్టుకుని, ఇంకో చేత్తో ఇంటికి ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్‌లో ఉంది. అవతల కుక్కర్ చప్పుడు.

‘పోసింటాది లేమ్మా. అందరికీ పోస్తాది.’

ఆ పిల్ల పెన్ను మొదటి గడి దగ్గరికి పోయింది. ఫోన్ ఇటివ్వమని చెయ్యి చాపాను.

‘అమ్మా, నేనిక్కడ సిస్టర్ని. మీ ఇంట్లో ఎవరికైనా పోసినప్పుడు ఈ పిల్ల ఎక్కడుంది?’

రెండు విజిళ్లు వచ్చాయి.

‘ఉండు మ్మా, వాళ్ల నాయన్ని అడిగి చెప్తా.’